ఇంట్లో చిలుకను పెంచాలనుకుంటున్నారా? కొనే ముందు రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు



విత్తనాల గురించో, తెగుళ్ల గురించో అడగడానికి వచ్చిన రైతులు వెళ్లేముందు అప్పుడప్పుడు ఇంకో మాట అడుగుతుంటారు. "సార్, పిల్లలు చిలుక కావాలని ఒకటే గొడవ. తాటి చెట్టు తొర్రలో పిల్లలున్నాయి, ఒకటి తెచ్చి పెంచుకోమంటారా?" అని. జనవరి నుంచి ఏప్రిల్ వరకు, అంటే రామచిలుకలు పిల్లలు పెట్టే కాలంలో ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. అందరికీ ఒకచోట జవాబు దొరుకుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. చెట్టు మీది రామచిలుకను తేకండి. చట్టం అనుమతించే చిన్న చిలుకలు ఉన్నాయి, వాటిని పెంచుకోండి. వాటికి మన ఇంట్లో దొరికే కొర్రలు, సజ్జలే మంచి మేత. అయితే పొలం ఉన్న ఇంట్లో పక్షికి ప్రమాదాలు కూడా ఎక్కువే. అవి తెలుసుకున్నాకే కొనండి.

రామచిలుకను ఎందుకు పెంచకూడదు?

రామచిలుక, దానికంటే పెద్దదైన భుజం మీద ఎర్ర మచ్చ ఉన్న చిలుక, ఎర్ర తల చిలుక అన్నీ మన దేశపు అడవి పక్షులే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. "సంతలో బహిరంగంగానే అమ్ముతున్నారు కదా, జ్యోతిష్యుల దగ్గర కూడా ఉంటాయి కదా" అంటారు. అమ్మినవాడితో పాటు కొన్నవాడు కూడా నేరం చేసినట్టే. రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా.

చట్టం సంగతి పక్కన పెట్టినా, తొర్రలోంచి తీసిన పిల్లను బతికించడం చాలా కష్టం. ఈకలు రాని పిల్లకు తల్లి కొద్దికొద్దిగా రోజంతా మేత పెడుతుంది. మనం అన్నం, పాలు పెడితే అరగక చనిపోతుంది. బతికితే 20 ఏళ్లకు పైగా ఉంటుంది. అన్నేళ్లు చిన్న పంజరంలో రెక్కలు విప్పలేకుండా గడపాలి.

పిల్ల కింద పడి కనిపిస్తే, దెబ్బ తగలకపోతే తిరిగి తొర్రలో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. గాయమైతే గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి అటవీ శాఖ వారికి తెలపండి. ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉంటే భయపడి ఒక్కసారిగా వదిలేయకండి. ఏళ్ల తరబడి పంజరంలో ఉన్న పక్షికి మేత వెతుక్కోవడం రాదు, కాకులు పొడిచి చంపుతాయి. అటవీ శాఖ కార్యాలయంలో అప్పగించడమే సరైన పద్ధతి.

పొద్దుతిరుగుడు, జొన్న, జామ మీద చిలుకలు పడి నష్టం చేస్తాయన్నది నిజమే. మెరిసే రిబ్బన్లు కట్టి, శబ్దం చేసి బెదరగొట్టండి. వలవేసి పట్టి పెంచుకోవడం దానికి పరిష్కారం కాదు.

ఏ చిలుకలను పెంచుకోవచ్చు?

1. బడ్జీలు: మన దగ్గర దుకాణాల్లో "లవ్ బర్డ్స్" అని అమ్మేవి ఎక్కువగా ఇవే. పుట్టిల్లు ఆస్ట్రేలియా పొడి గడ్డి మైదానాలు. బరువు 30 నుంచి 40 గ్రాములు. సరిగ్గా చూసుకుంటే 5 నుంచి 8 ఏళ్లు, ఒక్కోసారి పదేళ్లు కూడా బతుకుతాయి. మొదటిసారి పెంచేవారికి నేను చెప్పేది వీటి గురించే.

2. కాక్‌టెయిల్: ఇవి కూడా ఆస్ట్రేలియావే. తల మీద కుచ్చు, బుగ్గ మీద నారింజ రంగు మచ్చ ఉంటాయి. మనిషికి బాగా మచ్చికవుతాయి. 15 నుంచి 20 ఏళ్లు ఉంటాయి కాబట్టి అంతకాలం చూసుకోగలమా అని ఆలోచించి తీసుకోండి.

ఈ రెండింటికీ ప్రస్తుతం ప్రభుత్వ నమోదు అవసరం లేదు. ఆఫ్రికన్ గ్రే, మకావ్, కాకటూ వంటి పెద్ద విదేశీ చిలుకలను, కొన్ని రకాల ఆఫ్రికన్ లవ్ బర్డ్స్‌ను 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వాటి ఖరీదూ ఎక్కువ, అరుపూ ఎక్కువ. మొదటిసారి పెంచేవారు వాటి జోలికి పోవద్దు.

ఒకటా, జతా?

ఉదయం పొలానికి వెళ్లి సాయంత్రం వచ్చే ఇంట్లో ఒంటరి పక్షి దిగులు పడుతుంది, ఈకలు పీక్కుంటుంది. అందుకే జతగా తీసుకోండి. రెండు మగవి సర్దుకుపోతాయి. రెండు ఆడవి తరచూ కొట్టుకుంటాయి. ఆడ, మగ కలిపి పెట్టినా గూడు పెట్టె పెట్టకపోతే సాధారణంగా గుడ్ల జోలికి పోవు. మొదటి ఏడాది గూడు పెట్టె పెట్టకండి. ముందు పక్షిని చూసుకోవడం రావాలి, పిల్లల సంగతి తరువాత.

పెద్ద బడ్జీలలో మగదానికి ముక్కు పైన రంధ్రాలుండే మెత్తని భాగం నీలంగా, ఆడదానికి గోధుమ రంగులో ఉంటుంది. తెల్ల, పసుపు రకాలలో ఈ గుర్తు అంత కచ్చితం కాదు. లేత పక్షికి నుదుటి మీది గీతలు ముక్కు దాకా ఉంటాయి, కన్ను మొత్తం నల్లగా ఉంటుంది. లేతవే తొందరగా మచ్చికవుతాయి.

కొనేటప్పుడు చూడాల్సినవి

- పక్షి చురుగ్గా కదులుతూ, ఈకలు ఒంటికి అతుక్కుని నిగనిగలాడుతూ ఉండాలి.
- పగలు ఉబ్బిపోయి కళ్లు మూసుకుని కూర్చున్నదాన్ని తీసుకోవద్దు.
- కళ్లు, ముక్కు రంధ్రాలు పొడిగా ఉండాలి. ముక్కు చుట్టూ, కాళ్ల మీద తెల్లని పొక్కులుంటే అది గజ్జి పురుగు.
- తోక కింద ఈకలు శుభ్రంగా ఉండాలి. రెట్ట అంటుకుని ఉంటే కడుపు బాగాలేదన్నమాట.
- అదే దుకాణంలో ఒక్క పక్షి జబ్బుగా కనిపించినా, ఆ రోజు ఖాళీ చేతులతో వచ్చేయండి.

బడ్జీల జత కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. మంచి పంజరానికి అంతకన్నా ఎక్కువే అవుతుంది. ముందు పంజరం సిద్ధం చేసి, తరువాత పక్షిని తీసుకురండి.

పంజరం

జత బడ్జీలకు కనీసం రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు ఉండాలి. చిలుక అడ్డంగా ఎగురుతుంది కాబట్టి ఎత్తుకన్నా పొడవు ముఖ్యం. కడ్డీల మధ్య సందు అర అంగుళానికి మించకూడదు, మించితే తల ఇరుక్కుంటుంది. జాలీతో మీరే కట్టుకుంటే, కొత్త జీఐ జాలీని వెనిగర్ కలిపిన నీళ్లతో బాగా రుద్ది కడిగి ఎండబెట్టండి. దాని మీది జింకు పొడిని పక్షి కొరికి మింగితే విషం.

కూర్చోవడానికి నున్నటి ప్లాస్టిక్ కర్రల కన్నా వేప, జామ కొమ్మలు మంచివి. లావు, సన్నం కొమ్మలు కలిపి పెడితే కాళ్లకు పుండ్లు పడవు. మందు కొట్టిన తోటలోని కొమ్మలు వాడకండి.

వరండాలో గోడ వైపు, కంటి ఎత్తులో, ఉదయం కాసేపు లేత ఎండ తగిలే చోట పెట్టండి. వంటగదిలో వద్దు. పొగ, పోపు ఘాటు, ముఖ్యంగా మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ చిలుకను నిమిషాల్లో చంపుతుంది. దోమల కాయిల్, అగరబత్తి కూడా దూరంగా ఉంచండి. చీమలు రాకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. పిల్లి, ఎలుక, పాము చేరకుండా రాత్రి లోపలికి తెచ్చి గుడ్డ కప్పండి, గాలి ఆడనివ్వండి. 10 నుంచి 12 గంటల నిద్ర వాటికి అవసరం.

మేత

- ఒక్కో బడ్జీకి రోజుకు సుమారు రెండు టీ స్పూన్ల గింజలు. కొర్రలు, వరిగలు ఎక్కువగా, సజ్జలు కొంచెం కలపండి. పొద్దుతిరుగుడు గింజలు రోజూ పెడితే కొవ్వు పట్టి కాలేయం పాడవుతుంది. వారానికి నాలుగైదు గింజలు చాలు.
- గిన్నె నిండుగా కనిపించినా నమ్మకండి. చిలుక గింజను ఒలిచి పొట్టు గిన్నెలోనే వదులుతుంది. రోజూ పొట్టు ఊది చూడండి. పొట్టును చూసి మేత ఉందనుకుంటే పక్షి పస్తుంటుంది.
- కొత్తిమీర, మునగాకు, తోటకూర, క్యారెట్ తురుము, లేత మొక్కజొన్న కొంచెం కొంచెంగా పెట్టండి. సాయంత్రానికి మిగిలింది తీసేయండి.
- సున్నం కోసం సముద్రపు నురుగు ముక్క, లేదా ఉడికించి ఎండబెట్టి పొడి చేసిన గుడ్డు పెంకు పెట్టండి.
- నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చండి.
- పెట్టకూడనివి: అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం, నూనె వంటలు.

రైతు ఇంట్లో ప్రత్యేక జాగ్రత్తలు

ఈ భాగం తప్పక చదవండి.

ఒక రైతు ఇంట్లో రెండు పక్షులు ఒక్క రాత్రిలో చనిపోయాయని ఫోన్ వచ్చింది. జబ్బేమో, పక్కింటి కోళ్లకు కూడా అంటుతుందేమో అని ఆయన కంగారు. వెళ్లి చూస్తే మేత గిన్నెలో గులాబీ రంగు సజ్జలున్నాయి. విత్తగా మిగిలిన ప్యాకెట్‌లోవి. "పారేయడం ఎందుకని పక్షులకు వేశాను సార్" అన్నారాయన. ఆ గింజలకు పట్టించింది పురుగుమందు, శిలీంద్రనాశని. ఆ రంగు వేసేదే తినకూడదని గుర్తు చేయడానికి. 35 గ్రాముల పక్షికి అలాంటి గింజలు ప్రాణాపాయం. ఆయన చిన్న కూతురు ఖాళీ పంజరం పక్కన కూర్చుని నన్ను అడిగింది, "నేనే వేశాను, నా వల్లేనా?" అని. కాదమ్మా, ఆ ప్యాకెట్‌ను నీకు అందేచోట పెట్టిన పెద్దవాళ్లదే తప్పు అన్నాను.

అందుకే:

1. విత్తనశుద్ధి చేసిన గింజలు పక్షులకు, కోళ్లకు, పశువులకు వేయవద్దు. కడిగినా మందు పోదు. పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచండి.
2. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న, సజ్జ వద్దు. బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాసన చూసి అనుమానం వస్తే పారేయండి.
3. మందు కొట్టిన చేలో ఆకుకూర తెచ్చి పెట్టకండి. పెరట్లో మందు లేకుండా పెంచిన రెండు మడుల కొత్తిమీర చాలు.
4. పిచికారీ చేసి వచ్చిన బట్టలతో, చేతులతో పంజరం ముట్టకండి. ఇంటి పక్క చేలో పిచికారీ చేస్తుంటే పంజరం లోపలికి తెచ్చి కిటికీలు మూయండి.
5. పెరటి కోళ్లకు, చిలుకలకు మధ్య దూరం ఉంచండి. కొక్కెర తెగులు ఒకదాని నుంచి ఇంకోదానికి సోకవచ్చు. కోళ్ల పని అయ్యాక చేతులు, కాళ్లు కడుక్కుని రండి. కొత్త పక్షిని తెస్తే 30 రోజులు పాత వాటికి దూరంగా ఉంచండి.

ఎండాకాలం

మే నెలలో నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వడదెబ్బ మొదలైనట్టు. వెంటనే చల్లని నీడకు మార్చి, కాళ్ల మీద కొద్దిగా నీళ్లు చిలకరించండి. ఐసు నీళ్లు పోయకండి. మధ్యాహ్నం పంజరం పక్కన తడి గోనెసంచి వేలాడదీయండి. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. వెడల్పు గిన్నెలో అర అంగుళం నీళ్లు పెడితే అవే స్నానం చేస్తాయి.

జబ్బు గుర్తులు

చిలుక జబ్బును చివరిదాకా దాస్తుంది. అడవిలో నీరసంగా కనిపిస్తే వేటాడే పక్షులకు చిక్కుతుంది కాబట్టి దాని స్వభావం అంత. ఉబ్బి కూర్చోవడం, పంజరం అడుగున ఉండిపోవడం, ఊపిరితో పాటు తోక ఊగడం, రెట్ట నీళ్లగా మారడం, మేత మానేయడం, వీటిలో ఏది కనిపించినా "రేపు చూద్దాం" అనకండి. ఒక్క రోజు మేత మానితేనే ప్రాణాపాయం. చలికాలమైతే పంజరానికి ఒక పక్క బయట 40 వాట్ల పాత రకం బల్బు వెలిగించి వెచ్చదనం ఇచ్చి, పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మనుషుల మాత్రలు, కోళ్ల మందులు సొంతంగా వేయవద్దు.

చిలుకల రెట్ట దుమ్ము నుంచి మనుషులకు కూడా ఊపిరితిత్తుల జ్వరం రావచ్చు. అడుగు కాగితం రోజూ మార్చండి. పంజరం కడిగేటప్పుడు ముందు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మూతికి దగ్గరగా పెట్టి ముద్దు చేయవద్దని పిల్లలకు చెప్పండి. ఇంట్లో ఎవరికైనా తగ్గని జ్వరం, దగ్గు వస్తే పక్షులున్నాయని డాక్టరుకు చెప్పండి.

మచ్చిక చేయడం

తెచ్చిన మొదటి వారం ముట్టుకోకండి. పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి. రెండో వారం నుంచి చేతిలో కొర్ర కంకి పట్టుకుని పంజరంలో పెట్టండి. ఆకలి మీద అదే దగ్గరకు వస్తుంది. గుప్పిట పట్టి లాగితే ఆ భయం నెలల తరబడి పోదు. మగ బడ్జీలు కొన్ని మాటలు నేర్చుకుంటాయి, అన్నీ నేర్చుకోవు. మాటల కోసమే కొనేవారు కొనకపోవడమే మంచిది.

చివరిగా

కొనే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. రోజూ ఉదయం పావుగంట ఎవరు కేటాయిస్తారు? నాట్లు, కోతలప్పుడు ఎవరు చూస్తారు? ఊరికి వెళితే ఎవరికి అప్పగిస్తారు? మూడింటికీ పేర్లు చెప్పగలిగితే తెచ్చుకోండి. చెప్పలేకపోతే పెరట్లో ఒక మట్టి మూకుడులో నీళ్లు, పక్కన గుప్పెడు కొర్రలు పెట్టండి. పిచ్చుకలు, గోరింకలు వాటంతటవే వస్తాయి. పిల్లలకు పక్షులను చూసిన సంతోషం దక్కుతుంది, ఏ పంజరమూ కడగాల్సిన పని ఉండదు.