ఆన్‌లైన్ పాఠాల్లో క్యాప్షన్లు

వీడియో పాఠంలోని మాటలను, అవసరమైన ఇతర ధ్వనులను తెరపై అక్షరాలుగా చూపే ఏర్పాటు. బధిర విద్యార్థులకు ఇది తప్పనిసరి. బోధకుడి యాస కొత్తగా తోచేవారికీ, గోల మధ్య చదువుకునేవారికీ ఉపయోగమే. 2008లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వెలువరించిన మార్గదర్శకాలు రికార్డు చేసిన వీడియోలకు క్యాప్షన్లను కనీస స్థాయి నియమంగానే పెట్టాయి. అయినా అమల్లోకి రావడానికి కోర్టులు అవసరమయ్యాయి. పాఠాలకు సరైన క్యాప్షన్లు లేవంటూ అమెరికా జాతీయ బధిరుల సంఘం 2015లో హార్వర్డ్, ఎంఐటీలపై దావా వేసింది. రాజీ ఒప్పందాలు 2019, 2020లలో కుదిరాయి. ఇలాంటి ఫిర్యాదు మీద ప్రభుత్వం తప్పుపట్టాక, బర్క్‌లీ విశ్వవిద్యాలయం 2017లో 20,000కు పైగా పాఠాలను జనానికి అందకుండా తొలగించింది. చట్టాన్ని పాటించే దారుల్లో ఇంతకంటే దండగమారిది ఊహించడం కష్టం.

యంత్రం తయారుచేసే క్యాప్షన్లు పారిభాషిక పదాల దగ్గర, తెలుగూ ఇంగ్లిషూ కలిసిన వాక్యాల దగ్గర తడబడతాయి. మనిషి సరిచూడక తప్పదు. అదొక్కటే చాలదు, బోధించే తీరూ మారాలి. బోధకుడు బోర్డు మీద వేలు పెట్టి “ఇది దీనికి సమానం” అంటే, ఆ మాట క్యాప్షన్‌లో సరిగ్గా పడినా, కళ్లు అక్షరాల మీద ఉన్న బధిరుడికి ఆ ‘ఇది’ ఏదో అందదు. అంధ విద్యార్థికి అసలే తెలియదు. “త్రిభుజపు భూమి” అని పేరు పెట్టి చెబితే ఇద్దరికీ అందుతుంది, దానికి ఖర్చు కూడా లేదు.