కన్నతల్లినే ఏమార్చిన గడియారం

2021 నవంబరు 5న జెనీవాలో, ఫిలిప్స్ సంస్థ వేలంలో ఒక పాత చేతి గడియారం పాటకొచ్చింది. ఒమేగా స్పీడ్‌మాస్టర్. 1957లో ఆ పేరుతో వెలువడిన తొట్టతొలి రకం, రెఫరెన్సు (నమూనా సంఖ్య) 2915-1. మహా అయితే 80 వేల నుంచి 1,20,000 స్విస్ ఫ్రాంకులు పలుకుతుందని అంచనా. పాట ఆగిందే లేదు. రుసుములతో కలిపి చివరికి తేలిన ధర 31,15,500 ఫ్రాంకులు. అప్పటి మారకంలో మన డబ్బు పాతిక కోట్ల పైమాటే. ఒమేగా గడియారం ఏదీ అంతకుముందు వేలంలో అంత పలకలేదు.

అందరినీ కట్టిపడేసింది దాని డయల్. పుట్టినప్పుడు అది నల్లనిది. ఆనాటి రంగులో ఉన్న లోపం వల్ల కొన్ని డయళ్లు ఎండకు, ఏళ్లకు వెలిసి గోధుమవన్నెకు తిరిగాయి. సేకర్తలు వాటిని ట్రాపికల్ డయల్ అంటారు, ప్రాణం పెడతారు. దానిమీద బాణపు మొనలాంటి వెడల్పాటి గంటల ముల్లు. చుట్టూ వేగం కొలిచే అంకెలు చెక్కిన ఉక్కు వలయం. వయసు మీదపడ్డా వన్నె తగ్గని గడియారమని చూసినవాళ్లు మురిసిపోయారు.

స్పీడ్‌మాస్టర్ అంటే మామూలు పేరు కాదు. కారు పందేల కోసం పుట్టి, 1965లో నాసా పరీక్షలకు నిలబడి, 1969లో వ్యోమగామి ఆల్డ్రిన్ చేతికి చంద్రుడి మీద దిగింది. ఆయన పెట్టుకున్న ఆ వాచీ తర్వాత స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపే దారిలో పోయింది. ఇప్పటికీ దొరకలేదు. అలాంటి వంశంలో పుట్టినదన్న నమ్మకమే జెనీవాలో అంత ధర పలికించింది.

ఇంతకీ కొన్నది ఎవరు? ఒమేగాయే. బీల్ పట్టణంలోని తన మ్యూజియం కోసం, తన ఇంటి బిడ్డను తానే తిరిగి తెచ్చుకుంటున్నాననుకుని కొన్నది. ఏడాదిన్నర తర్వాత ఫొటోలను భూతద్దం పెట్టి చూసిన ఒక స్వతంత్ర పరిశోధకుడు అనుమానాలు బయటపెట్టాడు. 2023 జూన్‌లో స్విస్ పత్రిక నోయె జూరిషెర్ జైటుంగ్ కథంతా రాసింది. ఒమేగా ఒప్పుకోక తప్పలేదు. అది చాలావరకు అసలైన ఒమేగా విడిభాగాలనే ఏరి, కూర్చి నిలబెట్టిన గడియారం. ఇందులో ముగ్గురు మాజీ ఉద్యోగుల హస్తం ఉందని, వాళ్లలో ఒకరు మ్యూజియం బాధ్యుడేనని, క్రిమినల్ ఫిర్యాదు చేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. ఇలాంటి అరుదైన వస్తువు మన దగ్గర ఉండి తీరాలని పైవాళ్లను ఒప్పించింది కూడా లోపలివాళ్లేనట. కాపలాకు పెట్టినవాడే తలుపు తీశాడు.

నాకు బాధ కలిగించేది పోయిన డబ్బు కాదు. వీధిలో అమ్మే నకిలీని కాస్త తెలిసినవాడెవడైనా పట్టేస్తాడు. ఇది అలాంటిది కాదు. వాచీ పాతదని నమ్మించేవి రెండు: యంత్రం మీద చెక్కిన వరుస సంఖ్య, ఆ సంఖ్యకు కంపెనీ దస్తరంలో ఉన్న పద్దు. సంఖ్యను బట్టి తయారైన తేదీ, నమూనా తెలుస్తాయి. ఫిలిప్స్ కూడా ఒమేగాను అడిగే నిర్ధారించుకున్నామంది. కానీ దస్తరానికి తెలిసేది సంఖ్య ఒక్కటే. ఆ యంత్రం చుట్టూ ఇవాళ ఉన్న డయల్, కేసు, ముళ్లు ఆనాడు దానితో పుట్టినవేనా అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. ఆ సందులోంచే మోసం దూరింది. చాలా ముక్కలు నిజమైనవే అయినా, కలిపితే అతుకుల బొంత. ఇలాంటిదొకటి తయారు కావాలంటే నిజంగా కాలం గడిపిన గడియారాలు ఎక్కడో విడిపోవాలి. వాటిని ఎవరూ వేలంలో పెట్టరు, ఎవరూ తలుచుకోరు.

అంత పేరున్న ఇల్లే మోసపోయింది గనుక, సెకండ్ హ్యాండ్ వాచీ కొనబోయే మీకు నాలుగు మాటలు చెప్పాలి. పెట్టె, కాగితాలు చూసి కరిగిపోకండి. వాటినీ విడిగా కొనుక్కోవచ్చు. అమ్మేవాడి ముందే, మీకు నమ్మకమున్న వాచీ మెకానిక్‌తో వెనక మూత తీయించండి. మూత లోపలి రెఫరెన్సు, యంత్రం మీది సంఖ్య ఒకే కాలానివేనా చూడండి. 1950ల నాటి చాలా డయళ్ల మీద రేడియం పూత ఉండేది. అది ఈపాటికి వెలగడం మానేసి ఉంటుంది. టార్చి కొట్టి, చీకట్లో చూసినప్పుడు ధగధగలాడితే ఎవరో కొత్తగా పూశారని అర్థం. పాత రేడియం పూతను మాత్రం గోకకండి, అది ఒంటికి చేటు. ముళ్ల మీది పూత ఒక రంగు, అంకెల మీది పూత ఇంకో రంగైతే ఎందుకని అడగండి. ఇన్నేళ్లూ ఎవరి దగ్గరుంది, ఎప్పుడు బాగుచేయించారు, ఏ భాగం మార్చారు అన్నీ అడగండి. మార్చడం తప్పు కాదు, దాచడమే తప్పు. మూత తీయనివ్వనివాడి దగ్గర, ఈ రాత్రికే తేల్చుకోమని తొందరపెట్టేవాడి దగ్గర, ఎంత చౌకగా ఇస్తానన్నా కొనకండి.