దూరస్థ ప్రభువు – శాసనాధికారము



అమెరికాలోని పదుమూడు ఆంగ్లేయ వలసరాజ్యములు 1776వ సంవత్సరము జూలై 4వ తేదీన స్వాతంత్ర్యమును ప్రకటించెను. ఆ కథను మేము తరగతిలో చిరకాలము తేయాకు పన్ను కథగానే బోధించితిమి. కాని ఆ ప్రకటనమున మూడవ జార్జి రాజుపై మోపిన అభియోగములలో మొదటిది పన్నును గూర్చినది కాదు. లోకహితమునకు ఆవశ్యకములైన శాసనములకు ఆయన సమ్మతి నీయలేదనుటయే.

ఇంగ్లండునందు పార్లమెంటు చేసిన చట్టమును 1708 తరువాత ఏ ప్రభువును త్రోసివేసి యుండలేదు. సముద్రమునకు ఆవల ప్రజాసభలు చేసిన చట్టములను మాత్రము లండనునందు కొట్టివేయుచుండిరి. కొన్ని చట్టములు రాజసమ్మతి వచ్చువరకు అమలు కారాదని గవర్నరులకు ఆజ్ఞలుండెను. ఓడ పోయి వచ్చుటకే నెలలు పట్టు కాలమది. నిరాకరణమునకైన బదులు చెప్పవచ్చును; మౌనమునకు ఏమని చెప్పుదుము?

1772లో వర్జీనియా ప్రతినిధులు బానిసల దిగుమతిని అరికట్టనిమ్మని రాజును వేడుకొనిరి, ఫలము లేకపోయెను. అట్లు వేడినవారిలోను బానిసలను కలవారుండిరని చెప్పక తప్పదు.

ఆ అనుభవఫలము 1787లో వ్రాసికొన్న రాజ్యాంగమున కనబడును. అధ్యక్షునకు నిషేధాధికార మిచ్చిరి. కాని ఆదివారములు గాక పది దినములలో కారణములతో త్రిప్పి పంపవలెను. సభ నడుచుచుండగా ఆయన ఊరకున్నచో అది చట్టమగును. త్రిప్పి పంపినను, ఉభయసభలలో మూడింట రెండువంతులవారు మరల అంగీకరించిన నిలుచును.

అధికారమునకు గడువు లేనిచో ప్రజల హక్కు కాగితముపైననే యుండును. సభలు నడుపు మనకును ఈ నీతి వర్తించునని మా మనవి.