మోటారు బండిలోని మెరుపు

రేడియోలో మీడియం వేవు కార్యక్రమము వినుచుండగా వీధిలో ఒక పాత మోటారు సైకిలు పోవును. పాటతోపాటు టకటకమను చప్పుడొకటి వినవచ్చి, బండి దూరమయిన కొలది సన్నగిల్లును. దానికి విసుగు చెందని శ్రోత యుండడు. కాని చరిత్ర తెలిసినచో ఆ చప్పుడు మనకు పరాయిది కాదని తోచును. పెట్రోలు ఇంజను, రేడియో రెండును విద్యుత్తు రవ్వను ఆశ్రయించి ఎదిగినవే.

1860లో లెన్వార్ అనునతడు పారిస్‌లో నిర్మించిన గ్యాసు ఇంజనులో ఇంధనమును వెలిగించినది విద్యుత్తు రవ్వయే. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు కోరిన మూడు చక్రముల బండిలోను అదియే. తరువాత రెండేండ్లలో హెర్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమున రెండు లోహపు కొనల నడుమ రవ్వను దూకించి, దానినుండి వెలువడు అలలు దూరమునకు వ్యాపించునని నిరూపించెను. 1901లో అట్లాంటిక్ సముద్రము మీదుగా మార్కోనీ పంపిన సంకేతమునకు ఆధారము కూడ రవ్వ యంత్రమే. మరుసటి సంవత్సరము, 1902లో, బాష్ సంస్థలోని హోనోల్డ్ అధిక వోల్టేజీ మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపరచెను. 1910 ప్రాంతమున అమెరికాలో కెటరింగ్ బ్యాటరీ, కాయిలు గల పద్ధతిని కార్లకు అమర్చెను.

ఆ పద్ధతిలో బ్యాటరీ యిచ్చు కొద్ది వోల్టులను కాయిలు పదివేలకు మించి పెంచును. డిస్ట్రిబ్యూటరు దానిని వంతులవారీగా పంచును. ప్లగ్గు వైర్లు దానిని ఒక్కొక్క సిలిండరుకు చేర్చును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 సార్లు తిరిగినచో 6,000 రవ్వలు కావలెను. అందులో ఒక సిలిండరు వంతు తప్పినను బండి కుదుపులతో నడచును. దీనినే మన మెకానిక్కులు ‘మిస్సింగు’ అందురు.

మన ప్రాంతమున మోటారు బండ్ల అవసరము తొలినుండియు మెండు. శ్రీకాకుళం పట్టణమునకు రైలు నేరుగా రాదు. శ్రీకాకుళం రోడ్డు అను స్టేషను ఆమదాలవలసలో నున్నది. ఇది 1950 వరకు విశాఖపట్నం జిల్లాలోని భాగము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవై మద్రాసు రాజధానిలో బస్సులు బొగ్గు గ్యాసుతో నడచినవి. అప్పుడును రవ్వ లేక ఆ గ్యాసు అంటుకొనలేదు. 1958లో రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. బస్సులన్నియు డీజిలువయిన పిమ్మట వాటికి ప్లగ్గుతో పని లేకపోయెను. గాలిని గట్టిగా అదిమిన వేడికే డీజిలు మండును. ప్లగ్గు వైర్ల మర్మము కార్ల మెకానిక్కులకు మిగిలెను.

ఆ మర్మము విలువ మేము ఒక ముసురు వేళ తెలిసికొంటిమి. కొన్నేండ్ల క్రిందట టెక్కలి దాపున ఒక వృద్ధుని జముకుల కథను ధ్వనిముద్రణ చేయుటకు తెల్లవారకముందే అద్దెకారులో బయలుదేరితిమి. నరసన్నపేట చేరకమునుపే బండి కుదుపసాగెను. ముందటి వారమే ఒకచోట ప్లగ్గులు మార్పించి, కార్బురేటరు శుభ్రము చేయించితిమని డ్రైవరు వాపోయెను. రోడ్డు ప్రక్కనున్న మెకానిక్కు ఇంజను నడుచుచుండగా దీపము ఆర్పించి, వైర్లమీద నాలుగు నీటి చినుకులు చల్లెను. చీకటిలో నీలిరంగు రవ్వ ఒకటి వైరునుండి ఇంజను మీదికి దూకుట కంటబడినది.

“ప్లగ్గుల తప్పేటీ నేదు బాబూ, దోవలోనే కరెంటు జారిపోతంది” అని ఆతడు నవ్వెను.

ఇంజను వేడికి రబ్బరు పగులును. ఆ పగుళ్లలో తేమయు, సముద్రతీరపు ఉప్పు గాలియు చేరినచో విద్యుత్తు దగ్గరి దారి వెదకికొనును. వైరు లోపలి భాగమును చెడవచ్చును. తొలుత అందు రాగి తీగ యుండెడిది. అది రేడియోలకు మిక్కిలి అంతరాయము కలిగించుటచే, తరువాత కర్బనము పట్టించిన నూలువంటి నిరోధక తీగలు వచ్చినవి. చప్పుడు తగ్గినది, కాని ఏండ్లు గడచిన కొలది ఆ నూలు తెగి రవ్వ బలహీనమగును.

మెకానిక్కు వైర్లన్నిటిని ఒకేసారి పీకివేయలేదు. పాతది ఒకటి తీసి, అంతే పొడవుగల క్రొత్తది అచ్చోటనే అమర్చి, పిమ్మట రెండవదానిపై చేయి వేసెను. తీగను లాగక, కొననున్న తొడుగును పట్టి తిప్పి తీసెను. 1-3-4-2 అను వరుస తప్పినచో ఇంజను నడువదు. వేడి గొట్టమునకు తగులకుండ వైర్లను సర్ది బండి నడిపించగా కుదుపు మటుమాయమయ్యెను.

మేము రెండు గంటలు ఆలస్యముగ చేరితిమి. ఆ వృద్ధుడు జముకును ఒడిలో నుంచుకొని మాకై కూర్చుండి యుండెను. ఆనాటి కథ రెండు గంటలు సాగెను. ఆ యేడే ఆయన కాలము చేసెను. ఆ కంఠము మా వద్ద నిలిచినది ఆ ముద్రణలోనే.

ఇప్పటి కార్లలో పెక్కింటికి ప్రతి ప్లగ్గు మీదను కాయిలు ఉండుటచే పొడవైన వైర్లే లేవు. 2014లో అంబాసడరు తయారీ ఆగినది. అయినను పాత పెట్రోలు బండ్లు మన ఊళ్లలో ఇంకను తిరుగుచున్నవి. అట్టి బండి ముసురులో కుదిపినచో ప్లగ్గును నిందించుటకు ముందు, చీకటిలో ఒకసారి వైర్లను చూడుడు.