కోనసముందర్ ఉక్కు నుంచి కార్బైడ్ బిళ్ల దాకా

నిర్మల్ అనగానే కొయ్యబొమ్మలూ, రంగుల పలకలూ గుర్తుకు వస్తాయి. ఆ కొయ్యను కోసిన పనిముట్టుకు పదును ఎక్కడిదని అడిగేవారు తక్కువ. మనలో కొందరు రిటైరయ్యాక ఇంట్లో చిన్న లేతు పెట్టుకుని కర్రపని నేర్చుకుంటున్నారు గనుక ఈ పదును చరిత్ర కొంత చెప్పుకుందాం.

నిర్మల్‌కు తూర్పున ఉన్న దిమ్మదుర్తి గుట్టల్లో అయస్కాంత ఇనుప ఖనిజం దొరికేది. గోదావరికి దక్షిణాన, నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముందర్‌లో ఉక్కు తయారయ్యేది. సర్వే శాఖలో వైద్యుడూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ అయిన వాయిసీ ఆ పనిని చూసి రాసిన వివరం, ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, కొలిమిలో ఇరవైనాలుగు గంటలు కాల్చేవారు. పారశీక వర్తకులు అంత దూరం వచ్చి, దగ్గరుండి చేయించుకుని తీసుకుపోయేవారు. డెమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఇలాంటి ఉక్కే. ఇనుమూ కర్బనమూ కలిసి ఏర్పడే ఇనుప కార్బైడే దాని గట్టిదనానికి మూలం. ఆ పేరు మన కమ్మరులకు తెలియదు. పని మాత్రం తెలుసు.

సీమ ఉక్కు చౌకగా దిగుమతి కావడంతో ఆ కొలిములు ఆరిపోయాయి. అయినా ఊరి కమ్మరి ఉలిని కాల్చి సాగగొట్టి ఇచ్చేవాడు. మంచం కోళ్లు తరిమెన పట్టే వడ్రంగి దాన్ని సానరాయి మీద తానే నూరుకునేవాడు. పదును పోతే ఊరు దాటవలసిన పని లేదు.

రెండో కార్బైడ్ జర్మనీలో పుట్టింది. బల్బుల్లోని సన్నని టంగ్‌స్టన్ తీగను లాగే అచ్చులకు వజ్రం వాడవలసి వచ్చేది. దానికి బదులు వెతుకుతూ ష్రోటర్ అనే శాస్త్రజ్ఞుడు టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి, అదిమి, కాల్చి గట్టిపరిచే విధానానికి 1923లో పేటెంటు కోరాడు. క్రుప్ కంపెనీ దానిని 1920ల చివర ‘విడియా’ పేరుతో అమ్మింది. ‘వజ్రంలాంటిది’ అని ఆ పేరుకు అర్థం. మన లేతు షాపుల్లో ఇప్పటికీ కార్బైడ్ ముక్కను ‘విడియా’ అనే పిలుస్తారు.

మొదట ఈ ముక్కను ఉక్కు కాడకు ఇత్తడితో అతికేవారు. తర్వాత స్క్రూతో బిగించే బిళ్లలు వచ్చాయి. చదరపు బిళ్లకు నాలుగు అంచులు. ఒకటి మొద్దుబారితే స్క్రూ వదులు చేసి పావు చుట్టు తిప్పడమే. గుండ్రటిదైతే కొద్దికొద్దిగా తిప్పుకోవచ్చు. టేకులాంటి కర్ర మీద ఇది చాలాకాలం నిలుస్తుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర చాలా మెత్తన. బిళ్లతో గీకితే పోగు లేచే అవకాశం ఎక్కువ. అక్కడ బాగా నూరిన ఉక్కు ఉలికే నునుపు వస్తుంది.

చిక్కల్లా బిళ్ల మార్చుకోవడంలో. చూపుకు ఒకేలా ఉన్నా మందం, స్క్రూ రంధ్రం, అంచు కోణం, మూల గుండ్రదనం వేరుగా ఉండవచ్చు. మందం తేడా అయితే బిళ్ల సరిగా కూర్చోదు, పని మధ్యలో కదులుతుంది. ఇనుపపనికి చేసిన బిళ్లల్లో చాలావాటి అంచు కావాలనే కొంచెం మొద్దు చేసి ఉంటుంది. అది కర్రను కోయదు, నలుపుతుంది. కాబట్టి పాత బిళ్లను పారేయకండి. పొడవు, మందం, రంధ్రం కొలిచి, పనిముట్టు నంబరుతో సహా పుస్తకంలో రాసి ఉంచండి. స్టోర్సుకు ఇండెంటు రాసిన చేతులకు ఇది కొత్త పని కాదు. స్క్రూ కూడా ఒకటి అదనంగా తెప్పించండి. అంతలోగా మొద్దుబారిన బిళ్ల పైభాగాన్ని సన్నని డైమండ్ పలక మీద చదునుగా రుద్దితే కొన్నాళ్లు గడుస్తుంది. మామూలు సానరాయికి అది లొంగదు.

ఒకప్పుడు పదును కోసం పారశీకులు మన ఊరికి వచ్చారు. ఇప్పుడు మన పదును పార్సిల్లో వస్తోంది. సౌకర్యం వద్దనలేం. కానీ ఇంట్లో ఒక ఉక్కు ఉలి ఉంచి, దాన్ని నూరడం మనవడికి నేర్పితే, పార్సిలు ఆలస్యమైనా పని ఆగదు.