ఆకాశానికి టిక్కెట్టు

మా చిన్నతనంలో బాగేపల్లి తాలూకాలోని మా ఊళ్ళో తేరు నాటి రాత్రి బాణబిరుసులు కాల్చేవారు. మా అవ్వ చెరువు కట్ట మీద దుప్పటి పరచి పిల్లలందరినీ కూర్చోబెట్టేది. దగ్గరికి పోదామని మేము మారాం చేస్తే, "ఆకాశానికి వాకిలెక్కడుందిరా? యాడ కూచున్నా ఒకటే" అనేది. ఆ మాటలోని అర్థశాస్త్రం నాకు బి.కాం. చదివినా బోధపడలేదు. ఈ మధ్యనే, అదీ కొంచెం నష్టపోయిన తరువాత, తెలిసివచ్చింది.

నేను ఉద్యోగరీత్యా ఉంటున్న ఊళ్ళో (పేరు అడగకండి, మన జిల్లాలోనిదే) ఉత్సవ సమితివారు నన్ను కోశాధికారిని చేశారు. బ్యాంకులో పనిచేసేవాడు కనబడితే ఏ ఊళ్ళోనైనా ఆ పదవి అతని మెడకే చుట్టుకుంటుంది. బాణసంచా ఖర్చు ఏటేటా పెరిగిపోతున్నది గనుక, కాల్చే తావును ప్రక్కనున్న పార్కుకు మార్చి, చుట్టూ మరుగు కట్టి, ప్రవేశానికి టిక్కెట్టు పెడదామని ఒక సూచన వచ్చింది. అందరికంటే ముందు ఒప్పుకున్నది నేనే. చూసేవాడు డబ్బు ఇవ్వాలి, అందులో తప్పేముంది అనుకున్నాను. జరిగింది చెప్పేముందు ఈ ఆలోచన వెనుక ఉన్న చరిత్రను పాఠకులతో కాస్త పంచుకోవాలని ఉంది. అందులో మన నందికొండ ప్రాంతానికీ భాగం ఉంది.

బాణసంచా మన దేశంలో ఎప్పటినుంచి ఉందో పరిశోధించినవారు పి.కె. గోడే గారు. 1400 నుంచి 1900 వరకు బాణసంచా చరిత్రను గురించి ఆయన వ్రాసిన చిన్న పుస్తకం 1953లో మన బెంగుళూరు బసవనగుడిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కల్చర్ వారే ప్రచురించారు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవంలో బాణసంచా వేడుకలు చూసినట్లు వ్రాశాడు. కృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520లో, పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా మహానవమి రాత్రుల్లో కాల్చిన బాణాలను వర్ణించాడు. అక్కడ టిక్కెట్టు లేదు. కాని వాకిలి ఉంది. బెత్తాలు, తోలు కొరడాలు పట్టుకున్న ద్వారపాలకులు తగినవారిని తప్ప లోపలికి వదిలేవారు కారని పేస్ వ్రాశాడు.

మరి ఆ ఖర్చు ఎవరిది? ఆ తరువాత వచ్చిన నూనిజ్ వ్రాసిన దానిలో జవాబు దొరుకుతుంది. నాయకులు తాము రాజుకు చెల్లించవలసిన సొమ్మును ఆ తొమ్మిది రోజుల పండుగ సమయంలోనే తెచ్చి చెల్లించేవారట. అంటే, రాయలవారి ఆకాశంలో వెలిగిన బాణాలకు పల్లెల్లోని రైతు ముందుగానే శిస్తు రూపంలో వెల కట్టి ఉన్నాడు. మన బాగేపల్లి, చింతామణి పల్లెలూ ఆ రాజ్యంలోనివే గదా! ఊరికే చూసే వేడుక అంటూ లోకంలో లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ పేరుతో చెల్లించారన్నదే తేడా.

ఇక టిక్కెట్టు సంగతి. ఉద్యానవనానికి వాకిలి పెట్టి వినోదాన్ని అమ్మడంలో గొప్ప పేరు లండన్‌లోని వాక్స్‌హాల్ తోటది. 1729లో దానిని గుత్తకు తీసుకున్న జోనథన్ టయర్స్ ప్రవేశానికి ఒక షిల్లింగు పెట్టి బాగా గడించాడు. 1749లో ఒక యుద్ధం ముగిసిన సందర్భంగా ఇంగ్లండు రాజు గ్రీన్ పార్కులో పెద్ద బాణసంచా ప్రదర్శన తలపెట్టాడు. దానికి సంగీతం కూర్చినవాడు హాండెల్. ఏప్రిల్ 21న ఆ సంగీతాన్ని వాక్స్‌హాల్‌లో ముందస్తుగా వాయించి చూసుకుంటే, మనిషికి రెండున్నర షిల్లింగులు ఇచ్చి 12,000 మందికి పైగా వచ్చారనీ, లండన్ వంతెన మీద బండ్లు మూడు గంటలు కదలలేదనీ చెబుతారు. అక్కడ ఒక్క జువ్వ కూడా కాల్చలేదు! ఏప్రిల్ 27న గ్రీన్ పార్కులో అసలు ప్రదర్శన జరిగింది. వాన వచ్చింది, మంటపంలో ఒక భాగం అంటుకుపోయింది.

ఇక్కడే మన ప్రాంతం ప్రవేశిస్తుంది. హైదరాలీ కోలారు దగ్గరి బూదికోటలో పుట్టినవాడు, టిప్పు దేవనహళ్ళిలో పుట్టినవాడు. ఇనుప గొట్టంలో మందు దట్టించిన వారి బాణాలు కంపెనీ సైన్యాన్ని హడలగొట్టాయి. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక, చిక్కిన బాణాలు ఇంగ్లండు చేరాయి. వాటి ప్రేరణతో విలియం కాంగ్రీవ్ అనే ఆయన ఊలిచ్‌లో కొత్త బాణాలు తయారుచేశాడు. అదే కాంగ్రీవ్‌కు 1814 ఆగస్టు 1న లండన్ పార్కులలో జరిగిన మహోత్సవంలో బాణసంచా బాధ్యత అప్పగించారు. ఆ రోజు గ్రీన్ పార్కు అందరికీ తెరిచారు, సెయింట్ జేమ్స్ పార్కుకు మాత్రం టిక్కెట్టు పెట్టారు. చిత్రం ఏమిటంటే, టిక్కెట్టు పెట్టిన పార్కులోని పగోడాయే నిప్పంటుకుని కూలింది, ప్రాణనష్టమూ జరిగింది. డబ్బిచ్చి లోపల ఉన్నవారికీ, ఊరికే బయట ఉన్నవారికీ మీదున్న ఆకాశం ఒకటే.

తరువాతి కాలంలో లండన్‌లోనే క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం తోటలలో 1865 నుంచి బ్రాక్ కంపెనీవారి బాణసంచా ప్రదర్శనలు జరిగేవి. ఆ గాజు భవనాన్ని చూసే మన లాల్‌బాగ్‌లో గాజుల మందిరం కట్టారు. దాని శంకుస్థాపన 1889 నవంబరు 30న జరిగింది. అక్కడి భవనం 1936లో సరిగ్గా అదే తేదీన కాలిపోయింది. ఇక్కడిది నిలిచి ఉంది, అందులో పూల ప్రదర్శనకు టిక్కెట్టు కొని మనం పోయి వస్తున్నాము. ముద్దేనహళ్ళి బిడ్డ విశ్వేశ్వరయ్య గారు కట్టించిన కన్నంబాడి కట్ట క్రింద, మీర్జా ఇస్మాయిల్ గారు వేయించిన బృందావన తోటకూ టిక్కెట్టు ఉంది. ఎవరూ నొచ్చుకోరు. పువ్వులు, నీటి బుగ్గలు గోడ లోపల ఉంటాయి గనుక ఆ టిక్కెట్టు నిలుస్తుంది. బాణం అలా కాదు. గోడ దాటితేనే అది బాణం.

అర్థశాస్త్రజ్ఞులు దీపస్తంభాన్ని ఉదాహరణగా చెబుతారు. సముద్రంలో పోయే ఓడలన్నీ ఆ వెలుగు చూస్తాయి, ఎవరినీ చూడవద్దనలేము, గనుక సర్కారే కట్టాలి అంటారు. 1974లో రోనాల్డ్ కోస్ అనే ఆయన పాత రికార్డులు తిరగేసి, ఇంగ్లండులో ప్రైవేటువారు కూడా దీపస్తంభాలు నడిపారనీ, వాటి సుంకాన్ని రేవులలో ఓడల నుంచి వసూలు చేశారనీ చూపించాడు. గమనించండి, వెలుగు దగ్గర కాదు, రేవులో. ఈ సంగతి నాకు తెలిసీ పార్కు వాకిట్లో డబ్బు పెట్టె ముందు కూర్చున్నాను.

టిక్కెట్టు 30 రూపాయలు. జింకు రేకుల బాడుగ, టిక్కెట్ల అచ్చు, వాకిలి కాసే కుర్రవాళ్ళ కూలి, ఇవన్నీ అంతకు ముందు లేని ఖర్చులు. మొదటి జువ్వ లేచేసరికి లోపల సగం కుర్చీలు ఖాళీ. చెరువు కట్ట మీద, మిద్దెల మీద ఊరంతా ఉంది. ఇంతవరకు నేను అనుకున్నదే. అనుకోనిది చందాల దగ్గర జరిగింది. ఏటా 1,000 రూపాయలు రాయించే కిరాణా అంగడాయన రసీదు పుస్తకం చూసి నవ్వి, "టిక్కెట్టు పెట్టినారంట కదా సార్, ఇంక చందా ఎందుకు? ఇంట్లో ఐదుమందిమి, ఐదు టిక్కెట్లు ఇవ్వండి" అన్నాడు. 150 రూపాయలతో సరిపోయింది. తప్పు ఆయనది కాదు. ఇన్నేళ్ళు ఆయన ఇచ్చింది వెల కాదు, ఊరి పనిలో తన పాలు. దాన్ని వెలగా మార్చి చూపించినది మేమే. అలాంటివారు ఎందరో.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. పూలమ్మే ఒక ముసలామె తేరుకు ఏటా పూలు ఊరికే ఇస్తుంది. ఆ రాత్రి మనవడి చేయి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కుర్రవాడు టిక్కెట్టు అడిగాడు. ఆమె ఒక్క నిముషం నిలబడి, "దేవుని పండక్కి చీటీ అడుగుతారాప్పా" అని, పిల్లవాణ్ణి తీసుకుని కట్ట వైపు నడిచింది. నేను రెండు గజాల దూరంలో ఉన్నాను. లేచి, లోపలికి రామ్మా అనవలసింది. అనలేదు. లెక్క తప్పుతుందనుకున్నాను. ఆ ఏడు లెక్క పైసలతో సహా సరిపోయింది. నష్టం ఎంతో కూడా పైసలతో సహా తేలింది. మరుసటి ఏడు తేరుకు ఆమె పూలు తెచ్చింది. ఎప్పటిలాగే డబ్బు తీసుకోలేదు. నాకు తల ఎత్తి చూడ బుద్ధి పుట్టలేదు.

అయితే టిక్కెట్టు కోరేవారి వాదనలో ఒక నిజం ఉంది, దాన్ని త్రోసిపుచ్చకూడదు. 2016 ఏప్రిల్ 10న కేరళలోని పరవూరు పుట్టింగల్ గుడిలో బాణసంచా నిల్వకు నిప్పంటుకుని 100 మందికి పైగా చనిపోయారు. 2023 అక్టోబరు 7న మన అత్తిబెలెలో పటాకీల గోదాము కాలి పదిమందికి పైగా పోయారు. గుంపుకు హద్దు, నిప్పుకు దూరం ఉండాలి. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు పటాకీలకు దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకు సమయం నిర్ణయిస్తూ, అందరూ ఒకచోట చేరి కాల్చుకునే స్థలాలను పరిశీలించమని ప్రభుత్వాలకు సూచించింది. అంటే ఇకమీదట పార్కులు, మైదానాలలోనే ఈ వేడుక జరిగే రోజులు రావచ్చు. అప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఈ టిక్కెట్టు ప్రశ్న వస్తుంది.

అందుకే వచ్చే సమితి సభలో నేను చెప్పదలచుకున్నది ఇది. వాకిలి ఉండనీ, మనుషులను లెక్కపెట్టే చీటీ కూడా ఉండనీ. కాని చీటీకి వెల వద్దు. ముందు వచ్చినవారికి ముందు, ముసలివారికి, పిల్లలకు కుర్చీలు. డబ్బు కావాలంటే కోస్ చెప్పిన ఓడరేవులాగా, జాత్రలో వ్యాపారం చేసే అంగళ్ళ వేలం నుంచి, బండ్లు నిలిపే తావు నుంచి రాబట్టుదాం. చందా ఇచ్చిన ప్రతివాని పేరు, ఖర్చయిన ప్రతి రూపాయి గుడి ముందు పలక మీద వ్రాద్దాం. చాలకపోతే నాలుగు బాణాలు తక్కువ కాలుద్దాం. ఇక్కడ గురుపూర్ణిమకు కైవారం పోయి సంగీతం విని, అన్నం తిని వచ్చేవారెందరో ఉన్నారు. అక్కడ మనల్ని ఎవరూ చీటీ అడగరు, అయినా వట్టి చేతులతో తిరిగి వచ్చేవారు తక్కువే.

సభ నా మాట వింటుందో లేదో తెలియదు. టిక్కెట్టే గెలిస్తే డబ్బు పెట్టె ముందు కూర్చోవడానికి ఇంకొకరిని వెతుక్కోమంటాను. ఆ రాత్రి నేను మా అవ్వలాగా చెరువు కట్ట మీద దుప్పటి పరచుకుంటాను. ఆ పూలమ్మే ఆమె వస్తే, ప్రక్కన చోటు ఉంటుంది.