రెండు వారాల నంబర్ వన్, 31 ఏళ్ల తర్వాత



మా హాస్టల్‌లో క్రికెట్ బ్యాటు ఉంది, వాలీబాల్ నెట్ ఉంది. టెన్నిస్ రాకెట్ పట్టుకున్నోళ్లు మాలో ఒక్కరూ లేరు. అయినా ఈసారి టెన్నిస్ చరిత్ర రాస్తున్నాం. ఎందుకంటే ఇది ఒక ఆదివాసీ ఆడబిడ్డ కథ.

ఆమె పేరు ఇవోన్ గూలగాంగ్. ఆస్ట్రేలియాలోని విరాడ్జురి తెగ. 1951లో పుట్టింది. ఎనిమిది మంది పిల్లలు, నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే పనోడు. ఆ రోజుల్లో అక్కడ ఆదివాసీ పిల్లల్ని ప్రభుత్వమే తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయేది. అందుకే ఊళ్లోకి కొత్త కారు వస్తే వాళ్లమ్మ పిల్లల్ని దాక్కోమనేది. అట్లాంటి పిల్ల బరెలాన్ అనే చిన్న ఊళ్లో కంచె పక్కన నిలబడి టెన్నిస్ చూస్తుంటే, ఊరి పెద్దాయన ఒకరు లోపలికి పిలిచి ఆడమన్నాడు.

ఆమెకు ఎదురు నిలిచింది అమెరికా అమ్మాయి క్రిస్ ఎవర్ట్. వాళ్ల నాన్నే టెన్నిస్ కోచ్. ఎవర్ట్ వెనక గీత దగ్గరే ఉండి, రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొడుతూ, తప్పు చేయకుండా ఎదుటివాళ్లను అలసిపోయేలా చేసేది. గూలగాంగ్ ఏమో హాయిగా కదులుతూ నెట్ దగ్గరికి దూసుకొచ్చేది.

1972 వింబుల్డన్ సెమీస్‌లో మొదటిసారి తలపడ్డారు. మొదటి సెట్ పోయినా గూలగాంగే గెలిచింది. 1974 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ కూడా ఆమెదే. ఆ తర్వాత ఎవర్ట్ వంతు. 1975, 1976 యూఎస్ ఓపెన్ ఫైనల్స్, 1976 వింబుల్డన్ ఫైనల్ అన్నీ ఎవర్టే గెలిచింది. ఆ వింబుల్డన్ చివరి సెట్ 8-6 దాకా పోయింది. మొత్తం లెక్కలో ఎవర్ట్‌దే పైచేయి, దాచాల్సిన పని లేదు. కానీ 1980లో, బిడ్డ తల్లి అయ్యాక, గూలగాంగ్ వింబుల్డన్ ఫైనల్లో ఎవర్ట్‌నే 6-1, 7-6తో ఓడించింది. ఒక తల్లి ఆ టైటిల్ గెలవడం 1914 తర్వాత అదే మొదలు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. 1976లో ర్యాంకుల్లో ఎవర్ట్‌ను దాటి రెండు వారాలు గూలగాంగే ప్రపంచ నంబర్ వన్. కానీ అప్పటి లెక్కల్లో కొన్ని ఫలితాలు చేరలేదు. ఆ సంగతి ఎవరికీ తెలీలేదు, ఆమెకూ తెలీలేదు. 2007లో పాత కాగితాలు తిరగేసినప్పుడు బయటపడింది. అంటే 31 ఏళ్లు ఆ స్థానం రికార్డులో లేదు. ఆమె కోర్టులో గెలిచింది, కాగితం మీద కాదు.

ఇది చదివాక మా గదిలో అందరం మా సర్టిఫికెట్లు తీశాం. ఒకరి ఇంటిపేరు తప్పు. ఇంకొకరి పుట్టిన తేదీ బడిలో చేర్చిన రోజు ఎవరో అంచనాగా రాసింది. అమ్మానాన్నలకు చదువు రాదు కాబట్టి ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. గూలగాంగ్ అంత పెద్ద క్రీడాకారిణి కాబట్టి ఎప్పటికైనా వెతికారు. మన కాగితాలు మన కోసం ఎవరు వెతుకుతారు? ఈ ఆదివారం మీవి మీరే ఒకసారి తీసి చూసుకోండి. ఊళ్లో తమ్ముళ్లవి, చెల్లెళ్లవి కూడా.